తెలుగు తరగతిలో బ్లాగు

మన కళాశాలల్లో విద్యార్థి రాసే వ్యాసాన్ని చదివేవారు సాధారణంగా ఒక్కరే ఉంటారు. ఆ ఒక్కరూ అందులోని విషయం తెలుసుకోవాలని చదవరు. విషయం వారికి ముందే తెలుసు. ఎన్ని మార్కులు వేయాలో నిర్ణయించడానికి చదువుతారు. ఈ సంగతి విద్యార్థికి బాగా తెలుసు కాబట్టి అతడు కూడా మార్కులు పడే మాటలనే రాస్తాడు. పాతికేళ్లకు పైగా జవాబు పత్రాలు దిద్దిన అనుభవంతో చెబుతున్నాను, 'వరదలు' అనే వ్యాసంలో వరదను కళ్లారా చూసిన విద్యార్థీ, చూడని విద్యార్థీ ఒకే వాక్యాలు రాస్తారు. దీనికి వారిని తప్పు పట్టలేము. నిజంగా ఏం జరిగిందని వారిని అడిగిన పాఠకుడు ఎప్పుడూ లేడు.

వెబ్‌లో రాయడం, బ్లాగు నిర్వహించడం వంటివి కంప్యూటరు పాఠాలని చాలామంది భావిస్తారు. అవి ప్రధానంగా భాషా పాఠాలనీ, వాటికి తగిన చోటు తెలుగు తరగతేననీ నా అభిప్రాయం. ప్రాచీన కావ్యాల మీద పరిశోధన చేసినవాడు ఇలా అనడం కొందరికి వింతగా తోచవచ్చు. ఈ అభిప్రాయం నాకు 2009-10 విద్యాసంవత్సరంలో కలిగింది. అప్పుడు నేను మచిలీపట్నంలోని ఒక జూనియర్ కళాశాలలో పనిచేసేవాడిని. ద్వితీయ భాషగా తెలుగు తీసుకున్న మొదటి సంవత్సరం విద్యార్థులు 23 మంది ఆ ఏడాది చివర 'నేను నేర్చుకున్నది' అనే శీర్షికతో తలా ఒక కాగితం రాసి ఇచ్చారు. ఆ కాగితాల కట్ట ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఆరంభం చాలా సామాన్యంగా జరిగింది. గురువారం చివరి గంటలో కంప్యూటరు ల్యాబు ఖాళీగా ఉండేది. అందులో పది యంత్రాలు ఉండేవి, ఏడు పనిచేసేవి. కరెంటు ఉన్న రోజున అక్కడికి వెళ్లేవాళ్లం, లేని రోజున చెట్టు కింద కూర్చుని రాయబోయేది కాగితం మీద రాసుకునేవాళ్లం. కరెంటు లేని రోజులే ఎక్కువ మేలు చేశాయని ఒక విద్యార్థిని తన కాగితంలో రాసింది. "ముందు కాగితం మీద రాసినవే బాగున్నాయి" అన్నది ఆమె మాట. బందరు 1902లో కృష్ణా పత్రిక పుట్టిన ఊరు. ఆ ఊళ్లో చదివే పిల్లలు నలుగురి కోసం రాయడం నేర్చుకోవాలని నాకు అనిపించడంలో వింత లేదు.

వెబ్ అనేది ఎలా వచ్చిందో మొదటి వారంలోనే వారికి చెప్పాను. స్విట్జర్లాండ్‌లోని జెనీవా నగరం దగ్గర ఉన్న సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ 1989లో దీనికి ప్రతిపాదన చేశాడు. శాస్త్రవేత్తలు తమ పత్రాలను ఒకదానితో మరొకటి ముడిపెట్టి చదువుకునే వీలు కల్పించడమే ఆయన ఉద్దేశం. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ ఈ సాంకేతికతను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. ఆ ప్రకటనే లేకపోతే బందరు పిల్లల చేతికి ఇది అంత సులువుగా వచ్చేది కాదు. 1999లో బ్లాగర్ వంటి సేవలు మొదలైన తరువాత, పేజీ తయారుచేసే సాంకేతిక జ్ఞానం లేనివారు కూడా రాసి ప్రకటించగలిగారు.

ఇంతవరకు చరిత్ర. మేము అసలు చిక్కుల్లో పడింది తెలుగు అక్షరం దగ్గర.

ఆ రోజుల్లో కంప్యూటర్లలో తెలుగు దానంతట అది కనిపించేది కాదు. మా ల్యాబులో ఉన్నవి విండోస్ ఎక్స్‌పీ యంత్రాలు. వాటిలో భారతీయ భాషల సౌకర్యాన్ని ప్రత్యేకంగా చేతనం చేయాలి. అందుకు అసలు సీడీ కావాలి. ఆ సీడీ ఏ బీరువాలో ఉందో తెలుసుకోవడానికే మాకు రెండు వారాలు పట్టింది. ఇంకో చిక్కు కూడా ఉండేది. యూనికోడ్ వాడకం వ్యాపించక ముందు, పత్రికలు తమ తమ ఫాంట్లలో తెలుగును ప్రకటించేవి. ఒక పత్రిక ఫాంటు లేని యంత్రంలో దాని పేజీ తెరిస్తే అర్థం లేని గుర్తుల వరుస కనిపించేది. అటువంటి పేజీ ఒకటి చూపించి, "ఇది ఏ భాష?" అని అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు. అది తెలుగేనని చెప్పినప్పుడు తరగతి నిశ్శబ్దమైపోయింది.

యూనికోడ్ ఈ అరాజకాన్ని తొలగించింది. 1991లో వెలువడిన దాని మొదటి రూపంలోనే తెలుగుకు చోటు దక్కింది. తెలుగు కోసం 128 స్థానాలు కేటాయించి, ప్రతి అక్షరానికీ, గుర్తుకూ ఒక శాశ్వత సంఖ్య ఇచ్చారు. ఏ దేశంలో ఏ యంత్రం మీద తెరిచినా 'క' అనేది 'క'గానే ఉంటుంది. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌లు ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే పద్ధతిని రూపొందించారు. అది ఆర్‌టీఎస్ అనే పేరుతో వ్యాప్తిలోకి వచ్చింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన అనే ఫాంట్లను తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. వీవెన్ రూపొందించిన లేఖిని అనే ఉపకరణంలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే కింద తెలుగు కనిపించేది. వీటిలో ఎక్కువ భాగం జీతం కోసం చేసిన పనులు కావు. తెలుగు లిపి తెర మీద నిలబడటం వెనుక ఇటువంటి స్వచ్ఛంద శ్రమ ఎంతో ఉందని నేటి విద్యార్థులు తెలుసుకోవాలి. చేతిలోని ఫోనులో తెలుగు పుట్టుకతోనే ఉన్నట్లు వారికి తోస్తుంది.

లేఖినిలో రాయడం మొదలుపెట్టిన రెండో రోజునే నాకు ఒక ఆశ్చర్యం ఎదురైంది. ఏళ్ల తరబడి ఎర్ర సిరాతో దిద్దినా మానని తప్పుల గురించి విద్యార్థులు తామే వచ్చి అడగసాగారు. కారణం ఇది. చేతిరాతలో 'ధ'కూ 'థ'కూ తేడా ఒక చిన్న గీత మాత్రమే. దాన్ని కొంచెం అటూ ఇటూగా గీసి తప్పించుకోవచ్చు. మీట దగ్గర ఆ వీలు లేదు. 'ధ' కావాలంటే డి పక్కన హెచ్ కొట్టాలి, 'థ' కావాలంటే టి పక్కన హెచ్ కొట్టాలి. "సార్, విద్యార్థిలో ఏది కొట్టాలి?" అని నలుగురు ఒకేసారి అడిగారు. అప్పటికి వారు ఆ మాటను పదేళ్లుగా రాస్తున్నారు! అర్థం, అర్ధం అనేవి వేరు వేరు మాటలనీ, ఒకటి భావమనీ మరొకటి సగమనీ ఆ రోజున ఎవరికీ రెండోసారి చెప్పవలసిన అవసరం కలగలేదు. 'ణ', 'ళ'లకు పెద్ద అక్షరాలు కొట్టాలి. శ, ష, స మూడింటికీ మూడు దారులు. ఎంచుకోక తప్పని స్థితి వచ్చినప్పుడే మనిషి తెలుసుకోవాలనుకుంటాడు.

మరొక రోజు 'స్త్రీ' అనే మాట వద్ద ఒక విద్యార్థి ఆగిపోయాడు. నోట్‌ప్యాడ్‌లో ఆ ఒక్క అక్షరాన్ని చెరపబోతే అది ఒక్క దెబ్బతో పోలేదు. మొదట దీర్ఘం పోయింది, తరువాత క్రారవడి పోయింది, ఆ తరువాత పొల్లు, తకారం, మళ్లీ పొల్లు, చివరకు సకారం. మొత్తం ఆరు దెబ్బలు పట్టాయి. యంత్రం చెడిపోయిందని అతడు అనుకున్నాడు. నేను వ్యాకరణంలో చెప్పినదాని ప్రకారం అందులో ఉన్నవి స్, త్, ర్, ఈ అనే నాలుగు వర్ణాలే. మరి యంత్రం ఆరు అని ఎందుకు లెక్కపెట్టింది? అది హల్లును అకారంతో కలిపే దాచుకుంటుంది. అకారం వద్దనుకున్న చోట పొల్లును వేరే గుర్తుగా చేర్చుతుంది. అందుకే రెండు పొల్లులు అదనంగా వచ్చాయి. ఈ వివరణతో గంట మొత్తం గడిచిపోయింది. వర్ణ విభజన మీద అంత శ్రద్ధగా సాగిన తరగతి నా ఉద్యోగ జీవితంలో అంతకు ముందు లేదు. ఆ విద్యార్థి ఏడాది చివర రాసిన కాగితంలో ఒకే వాక్యం ఉంది: "తెలుగు అక్షరం లోపల ఏముందో కంప్యూటరు నాకు విప్పి చూపించింది." బైపీసీ విద్యార్థి కాబట్టి 'విప్పి చూపించింది' అన్నాడని మేము నవ్వుకున్నాము.

పేజీ నిర్మాణానికి వాడే హెచ్‌టీఎంఎల్ గురించి ఎక్కువ చెప్పను. ప్రారంభ ట్యాగు, ముగింపు ట్యాగు, శీర్షిక, పేరా, లంకె వరకు నేర్చుకున్నాము. అందులో ఒక్క సంఘటన మాత్రం చెప్పదగినది. ఒక అమ్మాయి ఒక మాటను బొద్దుగా చూపాలనుకుని ట్యాగు తెరిచి మూయడం మరచిపోయింది. అక్కడి నుండి పేజీ చివరి వరకు అక్షరాలన్నీ బొద్దుగా మారాయి. ఆమె రాసే వాక్యాల్లోనూ ఇదే లోపం ఉండేది. వెళ్లి, చూసి, తెలుసుకుని, వచ్చి అంటూ సాగిపోయేది, సమాపక క్రియ మాత్రం కనిపించేది కాదు. ఆ లోపాన్ని నేను ఎన్నిసార్లు గుర్తించి చూపినా ఆమెకు పట్టలేదు. "ట్యాగు మూయకపోతే వెంటనే తెలిసింది, వాక్యం మూయకపోతే ఇన్నాళ్లూ తెలియలేదు" అని చివర తనే రాసింది.

బ్లాగు అనే మాట తెలుగులో కలిసిన తీరు కూడా గమనించదగినది. ఇంగ్లీషులో 'వెబ్‌లాగ్' అనే మాట 1997లో పుట్టింది, రెండేళ్లలో దాని తల తెగి 'బ్లాగ్' అయింది. తెలుగులోకి వచ్చేసరికి బస్సు, రైలు, పెన్ను వలె దానికి ఉకారం చేరింది. బ్లాగులో రాసే ఒక్కొక్క రచనను తెలుగు బ్లాగర్లు 'టపా' అన్నారు. తపాలాకు మన పాతతరం వాడిన మాటే అది. "టపా కట్టడమంటే చనిపోవడం కదా సార్!" అని వెనుక బెంచీ నుండి ఒక ప్రశ్న వచ్చింది. ఆ జాతీయం కూడా పాత తపాలా రోజుల జ్ఞాపకమే కావచ్చునని చెప్పాను. 'లంకె' అనేది పల్లెల్లో ఇప్పటికీ వినిపించే మాట. సంస్కృత సమాసాలతో కల్పించిన పారిభాషిక పదాలు కొన్ని పుస్తకాల్లోనే ఉండిపోగా, టపా, లంకె వంటివి కొంతకాలమైనా వాడుకలో ఉన్నాయి. నేను సంస్కృత సమాసాలను ప్రేమించేవాడినే. అయినా ఈ విషయంలో గెలుపు ఎవరిదో ఒప్పుకోక తప్పదు.

ఇక రాతల సంగతికి వస్తాను.

పెడన నుండి వచ్చే ఒక విద్యార్థిని తండ్రి కలంకారీ అద్దకం పనివాడు. ఆమె మొదటి టపాలో కలంకారీ ప్రాచీన కళ అనీ, ప్రపంచ ప్రసిద్ధి పొందిందనీ, దాన్ని కాపాడుకోవడం మన కర్తవ్యమనీ రాసింది. పరీక్షలో అయితే దానికి మంచి మార్కులే వేసి ఉండేవాడిని. పదిహేను రోజుల తరువాత దాని కింద ఒక అపరిచిత పాఠకుడి ప్రశ్న కనిపించింది. బట్టను కరక్కాయ నీటిలోనూ పాలలోనూ ముంచుతారని విన్నాననీ, పాలు ఎందుకో చెప్పగలరా అనీ ఆయన అడిగాడు. ఆమెకు తెలియదు. పుట్టినప్పటి నుండి ఆ వాసనల మధ్యనే పెరిగినా ఎప్పుడూ అడగలేదు. ఆ సాయంత్రం తండ్రిని అడిగింది. గేదె పాలలోని కొవ్వు వల్ల రంగు బట్ట మీద పాకకుండా ఉంటుందనీ, కరక్కాయలోని వగరు రంగును పట్టి ఉంచుతుందనీ, ఇనుప తుక్కును బెల్లపు నీటిలో ఊరబెట్టి నలుపు తీస్తారనీ, ఎర్రరంగు పట్టడానికి పటిక కావాలనీ, టేకు అచ్చు అరిగితే గీత మొద్దుబారుతుందనీ ఆయన చెప్పాడు. ఇదంతా ఆమె రెండో టపాలో రాసింది. మొదటి దానిలోని 'కర్తవ్యం' దీనిలో లేదు, కాని చదివినవారికి కలంకారీ అంటే ఏమిటో తెలిసింది. ఆమె కాగితంలో నాకు గుర్తున్న మాట వేరొకటి ఉంది. "మా నాన్న అంతసేపు నాతో మాట్లాడటం అదే మొదటిసారి" అని రాసింది.

2009 అక్టోబరులో కృష్ణకు పెద్ద వరద వచ్చింది. దివిసీమ తీర గ్రామాల్లో మళ్లీ భయం ప్రవేశించింది. ఆ ప్రాంతానికి చెందిన ఒక విద్యార్థి ఇంట్లో నాయనమ్మ రాత్రంతా నిద్రపోకుండా 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి చెబుతూ కూర్చున్నదట. అతడు దాన్ని టపాగా రాశాడు. మొదట్లో ఎక్కడో దొరికిన లెక్క ఒకటి చేర్చి, ఇంతమంది మరణించారని ఒక పెద్ద సంఖ్య రాశాడు. ఆ కింద ఒకరు, "ఈ సంఖ్య మీకు ఎక్కడ దొరికింది?" అని మర్యాదగానే అడిగారు.

అతడు నా దగ్గరకు వచ్చాడు. గ్రంథాలయంలోనూ వెబ్‌లోనూ ఇద్దరం వెతికాము. ప్రభుత్వ లెక్క ఒకటి, పత్రికల లెక్క ఒకటి, పుస్తకాల లెక్క మరొకటి. పదివేలకు తగ్గలేదన్నది అన్నిటికీ సామాన్యం. అంతకు మించి ఎంత అనేది ఒకదానితో ఒకటి కలవలేదు. కొట్టుకుపోయినవారిని లెక్కపెట్టేవారు కూడా కొట్టుకుపోయిన ఊళ్లు ఉన్నాయని అతని నాయనమ్మ అన్నదట. చివరకు అతడు ఆ సంఖ్యను తీసివేశాడు. దాని స్థానంలో, "మా ఇంట్లో ఏడుగురిలో నలుగురు పోయారు. మా నాయనమ్మ తుమ్మచెట్టును పట్టుకుని తెల్లవారే వరకు ఉంది. ముళ్ల గాయాలు మోచేతుల మీద ఇప్పటికీ ఉన్నాయి" అని రాశాడు. ఆ గాయాలను తాను చిన్నప్పటి నుండి చూస్తున్నా అవి ఏమిటో ఎప్పుడూ అడగలేదని కూడా రాశాడు.

ఆ టపాకు వచ్చిన స్పందనల్లో ఒకటి అమెరికా నుండి వచ్చింది. రాసినావిడ తల్లిది ఆ పక్క ఊరేనట. తల్లి ఆ రాత్రి గురించి ఏనాడూ నోరు విప్పలేదనీ, ఈ టపా చదివి వినిపిస్తే మొదటిసారి మాట్లాడిందనీ ఆవిడ తెలిపారు. దాన్ని తరగతిలో పైకి చదవమని ఆ అబ్బాయినే అడిగాను. సగం వరకే చదవగలిగాడు. మిగిలిన సగం నేను చదివాను. వరదల మీద వ్యాసంలో ఇన్నాళ్లూ ఏ లోపం ఉందో నాకు ఆ రోజున అర్థమైంది.

ఈ ప్రయత్నమంతా మంగళకరంగా సాగిందని మాత్రం చెప్పను. మరొక విద్యార్థి హాస్యం బాగా రాసేవాడు. తమ వీధిలోని ఒక కిరాణా కొట్టు యజమాని తూకం గురించీ, మాట తీరు గురించీ ఒక టపా రాశాడు. కొట్టు పేరు రాయలేదు, కాని పక్కనున్న గుడి పేరు రాశాడు. అది చాలదా? నేను చదివి నవ్వాను. భాష బాగుందని తరగతిలో మెచ్చుకున్నాను కూడా. నెల తిరగకముందే ఆ యజమాని కళాశాలకు వచ్చాడు. ఆయన అరవలేదు. "మాస్టారూ, మా అమ్మాయి చదువుకునే చోట దీన్ని పిల్లలు చదివి నవ్వుతున్నారండీ" అని మాత్రం అన్నాడు. టపాను ఆ పూటే తీసివేశాము. కాని అప్పటికే దాన్ని ఎవరో తమ పేజీలో యథాతథంగా పెట్టుకున్నారు. దాన్ని తీయించడానికి ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు రాలేదు. విద్యార్థి క్షమాపణ చెప్పుకున్నాడు. తప్పులో పెద్ద వాటా నాది. లంకె ఎలా ఇవ్వాలో నేర్పాను, నోట్‌ప్యాడ్ నేర్పాను, ఒక మనిషి గురించి రాసేటప్పుడు ఆ మనిషి కూడా పాఠకుడేనని నేర్పలేదు. నేటి వాట్సాప్ రోజుల్లో ఆ కొట్టు యజమాని గతి ఎలా ఉండేదో ఊహించడానికి కూడా భయం వేస్తుంది.

ఒకరి రాతకు మరొకరు నకలు తీసుకోవడం మన సాహిత్యానికి కొత్త కాదు. అచ్చు రాక ముందు ప్రతి గ్రంథమూ నకళ్ల వల్లనే బ్రతికింది. తాళపత్రం చివర లేఖకుడు తన పేరు, ఊరు, సంవత్సరం, తిథి, వారం రాసి, తప్పులుంటే మన్నించమని వేడుకునేవాడు. బ్లాగు టపాకు కూడా తేదీ, పేరు తప్పక ఉంటాయి. ఈ పోలిక చూసి నేను మొదట్లో చాలా సంతోషించాను. అయితే నకలు తీసేవాడు పాఠాన్ని మార్చే ప్రమాదం ఆనాడూ ఉంది. 1798లో పుట్టిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు గ్రంథాలను సేకరించినప్పుడు ఒక్క ప్రతితో తృప్తిపడలేదు. అనేక ప్రతులు తెప్పించి, కడపలో పండితులను నియమించి, పాఠభేదాలను సరిపోల్చి శుద్ధప్రతులు రాయించాడు. వెబ్‌లో ఒక విషయం కనిపించగానే దాన్ని నమ్మకుండా మరో రెండు చోట్ల చూడమని విద్యార్థులకు చెప్పేటప్పుడు నేను బ్రౌను ఉదాహరణనే చెబుతాను. దివిసీమ విద్యార్థి సంఖ్యల విషయంలో చేసినది అదే పని.

సహోద్యోగుల్లో కొందరు ఈ గురువారపు గంటను ఆక్షేపించారు. పాఠ్యప్రణాళిక పూర్తి కాదన్నారు. ఆ మాటలో నిజం ఉంది. ఆ ఏడాది ఉపవాచకం చివరి పాఠాలు హడావిడిగా ముగించాను. పబ్లిక్ పరీక్షలో బ్లాగుకు మార్కులు లేవన్నారు. అదీ నిజమే. మార్కులు సులువుగా వస్తాయని తెలుగు వదిలి సంస్కృతం తీసుకునే విద్యార్థుల సంఖ్య మనకు తెలియనిది కాదు. మిగిలిన కొద్దిమందిని కూడా ఆటలాడిస్తున్నానని ఒకరు ఎత్తిపొడిచారు. నేను వారికి ఆనాడు సరైన సమాధానం చెప్పలేదు. ఈనాడు చెప్పమంటే ఒక్కటే చెబుతాను. తెలుగు మార్కుల కోసమే అయినప్పుడు, ఎక్కువ మార్కులు వచ్చే మరో భాషకు విద్యార్థి వెళ్లిపోవడం న్యాయమే. తెలుగులోనే చెప్పవలసిన మాట ఒకటి తన దగ్గర ఉందని తెలిసినవాడు మాత్రం వెళ్లడు. ఆ మాటను అడిగేవారు ఉండాలి. తరగతి గదిలో నేనొక్కడినే అడిగితే సరిపోలేదు.

ఆ అక్టోబరులోనే జియోసిటీస్ అనే వెబ్ సేవ మూతపడింది. లక్షల మంది సొంత పేజీలు ఉండిన చోటు అది. ఆ వార్త విని, మన టపాలు కూడా ఇలాగే పోతాయా అని విద్యార్థులు అడిగారు. పోవచ్చునన్నాను. ఎవరి రాతను వారు కాగితం మీద కూడా ఉంచుకోమన్నాను. ఈ మధ్య ఆ 23 చిరునామాలనూ తెరిచి చూశాను. ఆరు మాత్రమే తెరుచుకున్నాయి. పెడన అమ్మాయి బ్లాగు లేదు, కలంకారీ టపా నా కట్టలోని కాగితం మీద ఉంది. దివిసీమ బ్లాగు ఉంది.

ఇప్పటి విద్యార్థుల చేతిలో ఫోను ఉంది, అందులో తెలుగు ఉంది, మాట్లాడితే రాసిపెట్టే సౌకర్యం కూడా ఉంది. అయినా తమలో తాము ఇంగ్లీషు లిపిలోనే తెలుగు రాసుకుంటారు. వ్యాసం కావాలంటే అడిగిన క్షణంలో రాసి ఇచ్చే కృత్రిమ మేధ వచ్చింది. కిందటి నెల ఒక విద్యార్థిని 'తుఫానులు' అనే వ్యాసం తెచ్చి ఇచ్చింది. ఒక్క అక్షర దోషం లేదు. ఇది నీవు రాశావా అని అడిగితే తల వంచుకుంది. నేను ఏమీ అనకుండా పాత కట్ట విప్పి, దివిసీమ విద్యార్థి టపా ఉన్న కాగితాలు చదవమని ఇచ్చాను. మరునాడు తెచ్చి ఇచ్చేటప్పుడు ఆమె అడిగిన ప్రశ్న ఒకటే.

"సార్, ఆ నాయనమ్మ ఇంకా ఉన్నారా?"

నాకు తెలియదు. ఆ అబ్బాయికి ఫోను చేసి అడగాలి.